కర్త లేని క్రియ

సింహాసనం దిగడం కన్న డ్రైవరు సీటు దిగడం కష్టమన్న పరమసత్యాన్ని చరిత్రకారులెవరూ గ్రంథస్థం చేయలేదు. రాజులకు కార్లు లేకపోవడమే అందుకు కారణమై ఉండాలి. ఉండి ఉంటే, ఎన్ని మహాసంగ్రామాలు కోటగోడల దగ్గర కాక, మూతపడిన ఐసు ఫ్యాక్టరీ గోడ దగ్గర జరిగి ఉండేవో!

"దిగను," అన్నది డ్రైవరమ్మ.

ఆ మాట అని అప్పటికి నాలుగు నిమిషాలైంది. ఆమె చేతులు స్టీరింగు మీద ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. ఏడు గంటల పాటు పరుగెత్తి వచ్చిన కారు, అత్తగారింటికి మూడు వందల గజాల ఇవతల, వీధి మలుపులో, గోడ వారగా నిలబడి రొప్పుతున్నది. దారిలో చిన్నది కడుపులో ఉన్నదంతా కక్కుకున్న గౌను, ఉతికి పిండిన స్థితిలో, ముందు కిటికీకి జెండాలా వేలాడుతున్నది. నాలుగు ఇండికేటర్లూ వెలిగి ఆరుతున్నాయి. రోజూ నలభైమంది పిల్లల్ని బడిబస్సులో ఎక్కించి దింపే మనిషికి, బండి ఆగగానే ఆ మీట నొక్కడం ఊపిరి తీయడంతో సమానం. నొక్కినట్టు తనకే తెలియదు. పదకొండేళ్లుగా వింటున్న ఆ చెవికి అది చప్పుడే కాదు.

మూడున్నరేళ్ల చిన్నదానికి మాత్రం అది సంగీతం.

"టిక్కు... టిక్కు... టిక్కు..." అని వెనక సీట్లోంచి వంత పాడుతున్నది.

డ్రైవరు తలుపు బయట, పిడి పట్టుకుని, ఆమె భర్త నిలబడి ఉన్నాడు. వృత్తిరీత్యా అతను ప్రూఫురీడరు. లోకం వేసే అచ్చుతప్పులను ఎర్ర సిరాతో దిద్దడం అతని జీవనం.

"నువ్వు దిగితే గదా నేను ఎక్కేది," అన్నాడు బతిమాలుతూ. "మూడొందల గజాలు. ఏటా చేసేదేగా."

"ఏటా చేసేదే. ఈ ఏడు చెయ్యను."

"ఇప్పుడు కొత్తగా ఏమైందని?"

"దాన్ని అడగండి ఏమైందో." వెనక్కి తిరగకుండానే బొటనవేలితో పెద్దదాన్ని చూపించింది.

ఏడేళ్ల పెద్దది, తప్పు చేసినదానిలా కాక, రావలసిన బహుమతి రానిదానిలా ముఖం పెట్టుకుని కూర్చున్నది. న్యాయంగా చూస్తే అది చేసింది సాయమే. ఐసు ఫ్యాక్టరీ గోడ కనబడగానే, ఎవరూ అడక్కుండా, "అమ్మా, నాన్న డ్రైవరయ్యే చోటొచ్చింది, దిగు," అన్నది. అంతటితో ఆగినా బాగుండేది. గొంతు సవరించుకుని, పాఠం ఒప్పజెప్పినట్టు ఒప్పజెప్పింది.

"అమ్మ టీచరు. దారంతా నాన్నే కారు నడిపాడు. అమ్మ నిద్రపోయింది. చూశావా అమ్మా, తడబడకుండా వచ్చేసింది! నిరుడు తడబడ్డాను."

డ్రైవరమ్మ కాలు బ్రేకు మీద పడింది అప్పుడే. "దిగను" అన్న మాట పుట్టింది కూడా అప్పుడే.

ఇక్కడ కొంత వ్యాకరణం చెప్పక తప్పదు. మన భాషలో ఒక మహత్తరమైన వెసులుబాటు ఉన్నది. కర్త లేకపోయినా క్రియ నిక్షేపంగా నడుస్తుంది. ఎవరు, ఏది అన్న ప్రశ్నలకు బదులు చెప్పకుండానే వాక్యం ఇల్లు చేరుతుంది. ప్రూఫురీడరు సంసారం ఎనిమిదేళ్లుగా నడుస్తున్నది ఈ వెసులుబాటు మీదనే.

అతని తండ్రి ముప్పయ్యొక్క సంవత్సరాలు డ్రైవింగు లైసెన్సు కోసం వచ్చినవారిని పరీక్షించి రిటైరైన అధికారి. తప్పినవారి దరఖాస్తు మీద, చెవి సందున ఉన్న పెన్సిలు తీసి, "మళ్లీ రావలెను" అని రాసేవాడు. బంధువని లేదు, పై అధికారి బావమరిది అని లేదు. కన్నకొడుకు దరఖాస్తు మీదనే మూడుసార్లు రాశాడు. మూడోసారి కొడుకు వెనక్కి నడిపిన బండి కింద నలిగింది పరీక్షాధికారి సొంత సైకిలు కావడం వల్ల, అక్షరాలు కొంచెం పెద్దవిగా పడ్డాయి.

పెళ్లయి వేరే ఊళ్లో కాపురం పెట్టాక, ఒక సాయంత్రం తండ్రి ఫోనులో అడిగాడు. "ఏరా, వచ్చిందా?"

"వచ్చింది నాన్నా," అన్నాడు కొడుకు.

వచ్చింది వాన. కిటికీలోంచి జల్లు కొడుతున్నది. తండ్రి అడిగింది లైసెన్సు గురించి. అవతలనుంచి తండ్రి ఆనందంతో, "నా కొడుకువనిపించావురా!" అన్న తర్వాత గాని ప్రూఫురీడరుకు తప్పు ఎక్కడ పడిందో అర్థం కాలేదు. ఊళ్లోవాళ్ల తప్పులన్నీ దిద్దే మనిషి ఆ ఒక్కటి దిద్దలేకపోయాడు.

ఆ తర్వాత ఏటా పిల్లలతో తాతగారింటికి ప్రయాణం. ఏడు గంటలు ఆమె నడపడం, మలుపు దగ్గర ఇద్దరూ దిగి సీట్లు మారడం, ఆ చివరి మూడు వందల గజాలూ అతను చెమటలు కక్కుతూ నడపడం.

"నేను అబద్ధమాడలేదు," అన్నాడు ప్రూఫురీడరు తలుపు పిడిని ఉద్దేశించి. "వచ్చిందన్నాను. ఏది వచ్చిందో అనలేదు. ఆ రోజు వాన నిజంగానే వచ్చింది."

"ఎనిమిదేళ్లుగా కురుస్తోంది మీ వాన. తడిసేది నేను."

"అదేం మాట!"

"మరి నన్ను టీచర్ని చేసిందెవరు? అదీ వానేనా?"

"టీచరన్న మాట నా నోటివెంట రాలేదు. నేనన్నది నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తు. 'బడిలో పని. రోజూ నలభైమంది పిల్లల్ని గమ్యం చేరుస్తుంది.' అందులో ఒక్క తప్పు చూపించు చూద్దాం."

ఆ వాక్యంలో తప్పు లేదు. ఇన్నేళ్లు నిలబడిందీ అందుకే. అత్తగారు దాన్ని వీధి వీధంతా చెప్పుకొని, ఏటా కోడలు రాగానే పక్కింటి పిల్లల్ని లెక్కల పుస్తకాలతో సహా తెచ్చి ముందు కూర్చోబెట్టేది. డ్రైవరమ్మ తనకు తెలిసిన పద్ధతిలో భిన్నాలు చెప్పేది. బస్సులో నలభైమంది ఉన్నారు, మొదటి స్టాపులో పావువంతు దిగారు, రెండో స్టాపులో మిగిలినవాళ్లలో సగం దిగారు, డ్రైవరుతో కలిపి ఎందరు? ఆ పిల్లలందరూ లెక్కల్లో గట్టెక్కడం వల్ల ఆమె కీర్తి మరింత పెరిగి, బయటపడే దారి మరింత మూసుకుపోయింది.

"సరే, గేటు స్తంభం సంగతి చెప్పండి," అన్నది డ్రైవరమ్మ. "నిరుడు."

"ఏదో కొంచెం గీసుకుంది."

"గీసుకుంది! దానంతట అదే గీసుకుంది! స్తంభమే నడిచొచ్చి కారుకు ఒళ్లు రుద్దుకుని పోయింది!"

"అబ్బా, నేనే గీశాను. సరేనా?"

"మామయ్యగారు ఏమన్నారు?"

ప్రూఫురీడరు ఐసు ఫ్యాక్టరీ గోడ మీద చెరిగిపోయిన అక్షరాలను చదవసాగాడు. వాటిలోనూ ఒక తప్పు కనబడింది గాని, దిద్దడానికి సమయం కాదు.

"మీరు చెప్పరు. నేను చెబుతాను. 'పక్కన కూర్చున్న మనిషి మాటలు పెడితే ఎవడికైనా చెయ్యి తప్పుతుంది' అన్నారు. పదకొండేళ్లండీ! నా బస్సు మీద వేలిగోటంత గీత లేదు. ఆ రోజు నేను నోరే విప్పలేదు. వెనక్కి చెయ్యి చాపి, చిన్నదాని కాలు గట్టిగా పట్టుకుని, దేవుడా దేవుడా అనుకుంటూ కూచున్నా. నేను మాటలు పెట్టానట!"

"అప్పుడే చెప్పి ఉండాల్సింది."

"ఉండాల్సింది. నా తప్పూ ఉంది, లేదనను. మొదటేడు నవ్వొచ్చింది. రెండో ఏడు అలవాటైంది. ఇవాళ నా కూతురికి తడబడకుండా వచ్చేసింది. అది పెద్దయ్యాక బస్సు నడుపుతానని రోజూ అంటుంది, తెలుసా మీకు? మీ నాన్నగారి ముందు మాత్రం అనదు. అనకూడదని ఎవరూ చెప్పలేదు. అదే నేర్చుకుంది."

ముందు అద్దం కింద ఫోను మోగింది. అత్తగారు. డ్రైవరమ్మ వేలితో నొక్కగానే ఆమె గొంతు కారు నిండా పరుచుకున్నది.

"ఎంతవరకొచ్చారమ్మా?"

"మలుపు దగ్గరే ఉన్నాం అత్తయ్యా."

"హమ్మయ్య! మీ మామయ్య గంట నించీ గేటు దగ్గర కుర్చీ వేసుక్కూచున్నారు. ఎండగా ఉంది, లోపలికి రండంటే వినరు. వాడు స్టీరింగు తిప్పుకుంటూ రావడం చూడాలిట. ఏడాదికి సరిపడా సంబరం ఆయనకదే." అత్తగారు గొంతు తగ్గించింది. "ఏమీ అనుకోకమ్మా, చిన్న మాట. గేటు దాటేదాకా వాడితో మాట్లాడకేం? నిరుడు ఏం జరిగిందో చూశావుగా."

ఫోను ఆగిపోయింది.

ప్రూఫురీడరు తలుపు పిడి వదిలేశాడు.

"టిక్కు... టిక్కు... టిక్కు..."

"చిన్నమ్మా, ఆపు తల్లీ. తల బద్దలైపోతోంది," అన్నది డ్రైవరమ్మ.

చిన్నది ఆపింది. ఆ కారులో జాగ్రత్తగా వింటున్న ఏకైక ప్రాణి నోరు అలా మూతపడింది.

"విన్నావుగా," అన్నాడు ప్రూఫురీడరు, ఈసారి గొంతులో వ్యాకరణం లేదు. "ఆయనకు డెబ్బై ఆరు. నన్ను చూసి ఆయన సంతోషించేది ఏడాదికి ఆ మూడొందల గజాలే. మిగతా అంతా... నేను ఆయనకు మూడుసార్లు తప్పిన కొడుకునే. ఆ కాస్తా తీసేస్తావా?"

డ్రైవరమ్మ మొదటిసారి అతని ముఖం వైపు చూసింది. జాలి పడింది కూడా. కాని చేతులు స్టీరింగు వదలలేదు.

"ఆయన సంతోషం నాకొద్దండీ. నా పని నాకు కావాలి. కారు వచ్చింది, పిల్లలు వచ్చారు, అందరూ క్షేమంగా చేరారు అంటారు ప్రతిసారీ. ఎవరు చేర్చారో ఒక్కసారి అనండి. మీరెలాగూ అనరు. నేనంటాను."

"పోనీ ఒక పని చేద్దాం. కారు ఇక్కడే చెడిపోయిందని..."

"చెడిపోయింది! మళ్లీ మొదలెట్టారా?"

"నాన్నా," అన్నది పెద్దది వెనకనించి. అది చాలాసేపటిగా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూస్తున్నది. "అయితే తాతయ్యకు నేనేం చెప్పాలి? నేర్చుకున్నది చెప్పనా, జరిగింది చెప్పనా?"

ప్రూఫురీడరు వృత్తిజీవితంలో ఎన్నడూ ఎదురుకాని ప్రశ్న అది. రెండు పాఠాల్లో ఏది అచ్చుకు వెళ్లాలి?

"నేను ఎక్కకపోతే?" అన్నాడు చివరికి, భార్యతో.

"నడిచి రండి. దానికి లైసెన్సు అక్కర్లేదు."

ప్రూఫురీడరు కారు చుట్టూ తిరిగి వచ్చి, తడి గౌను తీసి ఒళ్లో పెట్టుకుని, పక్క సీట్లో కూర్చున్నాడు. తలుపు మెల్లగా వేసుకున్నాడు. అది ఒప్పుకోలో, ఓటమో, కాళ్లనొప్పో ఆ తలుపు చప్పుడును బట్టి చెప్పడం కష్టం.

కారు కదిలింది.

విజయయాత్రలు ఎన్నో వర్ణింపబడ్డాయి గాని, రెండో గేరులో సాగిన విజయయాత్ర ఇదొక్కటే కావచ్చు. డ్రైవరమ్మ గడ్డం కొంచెం పైకెత్తి, వెన్ను నిటారుగా పెట్టి, గుంటలను ఒక్కొక్కదాన్నీ మర్యాదగా తప్పిస్తూ వీధిలో ప్రవేశించింది.

వీధి వీధంతా చూసింది. మంగలి కత్తెర ఆపి చూశాడు. దర్జీ ఆవిడ మిషను తొక్కడం మానేసి, కారు వెనక వైపు వేలు చూపించి, కొట్లో ఉన్న మనిషికి ఏదో చెప్పింది.

"చూడనీ," అన్నది డ్రైవరమ్మ. "ఎప్పుడూ చూడలేదు కాబోలు, ఆడది కారు నడపడం."

ఎదురుగా వస్తున్న ఒక సైకిలు ముసలాయన, ఒక చేయి పైకెత్తి, గుప్పిట మూసి తెరిచి, మూసి తెరిచి చూపించాడు.

"వెక్కిరింపా?" అన్నది డ్రైవరమ్మ అద్దంలో అతన్ని వెనక్కి సాగనంపుతూ. "వెక్కిరించుకోమనండి. నా బస్సుకు రోజూ ఇలాంటివాళ్లు పదిమంది తగుల్తారు."

గేటు దాటేదాకా మాట్లాడకూడదన్న తల్లి ఆజ్ఞను, స్థానాలు తారుమారైనా, ప్రూఫురీడరు పాటిస్తున్నాడు.

గేటు కనబడింది. కుర్చీ కనబడింది. కుర్చీలోంచి తాతగారు లేవడం కనబడింది. కారు దగ్గర పడుతున్న కొద్దీ ఆయన చేయి కళ్లకు గొడుగులా లేచి, అక్కడే ఉండిపోయింది. గుమ్మంలో నిలబడిన అత్తగారు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నది.

డ్రైవరమ్మ గేటు ముందు ఆపలేదు. దాటి ముందుకు పోయింది. ఒక్క క్షణం, పారిపోతున్నదేమోనని ప్రూఫురీడరుకు ఆశ కలిగింది. అంతలో ఆమె గేరు మార్చి, మెడ తిప్పి, ఒక్క విసురున కారును వెనక్కి నడిపింది. నిరుటి గీత ఇంకా మానని ఆ రెండు స్తంభాల మధ్య, అటు అరచేయి ఇటు అరచేయి సందు వదిలి, జారిపోయే పట్టుబట్టలా కారు లోపలికి జారింది. కుండీలో ఆకు కూడా కదలలేదు. సైకిలు నలిగిన నాటినుంచి ఆ కుటుంబానికి శాపంగా ఉన్న వెనక్కి నడపడం, ఆ సాయంత్రం నాలుగున్నరకు, ఒక కళగా నిరూపితమైంది.

ఆమె ఇంజను ఆపి దిగింది. మామగారి ఎదురుగా నిలబడింది.

"మామయ్యగారూ, కారు నడిపింది నేను. ఇవాళే కాదు, ఎనిమిదేళ్లుగా. మలుపు దాకా నేను నడిపాను, మలుపు నించి మీ అబ్బాయి నడిపాడు. నేను టీచర్ని కాను, బడిబస్సు డ్రైవర్ని. నిరుడు స్తంభం గీసింది మీ అబ్బాయి. నేను మాటలు పెట్టలేదు."

ప్రతి వాక్యంలోనూ కర్త ఉన్నది. వాటిలో దిద్దవలసినది ఏదీ లేదని, కారు పక్కన నిలబడిన ప్రూఫురీడరు అనుకోకుండానే గమనించాడు. గమనించినందువల్ల కాబోలు, అతనూ నోరు విప్పాడు.

"నాన్నా, నాకు లైసెన్సు రాలేదు. ఆ రోజు వచ్చింది వాన."

"ఏ వానరా?" అన్నది అత్తగారు అయోమయంగా.

"ఎనిమిదేళ్ల కిందటి వాన, అమ్మా."

తాతగారు కళ్లమీది చెయ్యి దించాడు. కొడుకు ముఖం చూశాడు. చాలాసేపు చూశాడు. ఆ చూపు కింద ప్రూఫురీడరు దరఖాస్తు కాగితమంత పల్చబడ్డాడు. తర్వాత కోడలి ముఖం చూశాడు. ఆమె చూపు దించలేదు.

"అయ్యో, ఏదో ఒకటి అనండి," అన్నది అత్తగారు. "పక్కింటి పిల్లలు పుస్తకాలు తెచ్చుకుని లోపల కూచున్నారు. వాళ్లకు నేనేం చెప్పను?"

ఆయన వినిపించుకోలేదు. ముప్పయ్యొక్క ఏళ్లు ప్రతి బండి చుట్టూ ఎలా తిరిగాడో అలాగే, చేతులు వెనక్కి కట్టుకుని, ఈ కారు చుట్టూ తిరగసాగాడు. ఎడమ స్తంభానికీ కారుకూ మధ్య సందును అరచేత్తో కొలిచాడు. కుడివైపు కొలిచాడు. నిరుటి గీతను వేలితో తడిమాడు. ముందుకు వెళ్లాడు. వెనక్కి వచ్చాడు. వెనక ఆగిపోయాడు.

అక్కడ వంగి, ఒకసారి అటు, ఒకసారి ఇటు చూశాడు.

పెద్దది కారు దిగి, వెళ్లి తల్లి చెయ్యి పట్టుకున్నది. "తాతయ్యా, నేను కూడా పెద్దయ్యాక బస్సు నడుపుతాను," అన్నది, తడబడుతూ. నేర్చుకున్నది కాదు కాబట్టి తడబడింది. డ్రైవరమ్మ ఆ చేతిని గట్టిగా నొక్కింది. ఇక ఆయన ఏమన్నా ఫరవాలేదనిపించింది. తిట్టినా, పొమ్మన్నా, ఇదే గేటులోంచి ఇంతే తిన్నగా బయటికి నడపగలదు.

తాతగారు చెవి సందునుంచి పెన్సిలు తీశాడు. రాయడానికి కాగితం లేక, దాన్ని వేళ్ల మధ్య తిప్పాడు.

"అమ్మాయ్," అన్నాడు.

"చెప్పండి మామయ్యగారూ." ఆమె గడ్డం వీధిలో ఎంత ఎత్తున ఉన్నదో, అంతకన్న ఒక్క బెత్తెడు పైకి లేచింది.

"నాలుగు ఇండికేటర్లూ వెలుగుతూనే ఉన్నాయి. మలుపు దగ్గర్నించీ."